ఆండీస్ కుటుంబ కమతంలో బంగాళాదుంప సేద్యం: విత్తనం, పేరు, నిర్ణయం

వ్యాస సారాంశం:

బంగాళాదుంప జన్మస్థానమైన దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో కెచువా, ఐమారా రైతు కుటుంబాలు ఈ పంటను వేల ఏళ్ళుగా పండిస్తున్నాయి. ఒకే మడిలో అనేక రకాలను కలిపి నాటడం, పొలాన్ని ఏళ్ళ తరబడి బీడుగా వదలడం, దుంపను మంచులో గడ్డకట్టించి నిల్వచేయడం మొదలైన పద్ధతులు పైకి వెనుకబాటుతనంగా కనిపిస్తాయి. వాటి వెనుక ఉన్న హేతువును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంప్రదాయ సేద్యం అంటే కేవలం పాత పనిముట్లతో చేసే సేద్యం కాదనీ, విత్తనాన్ని గురించిన నిర్ణయం కుటుంబం చేతిలో ఉండే వ్యవస్థ అనీ, ఆ నిర్ణయానికి ఆధారం రకాల పేర్లలో దాగిన జ్ఞానమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రచురితమైన పరిశోధనల ఆధారంగా, వర్ణనాత్మక పద్ధతిలో రాసిన వ్యాసమిది.

కీలకపదాలు: బంగాళాదుంప, ఆండీస్, కెచువా, కుటుంబ కమతం, విత్తన వైవిధ్యం, చూన్యో, కృత్తికలు, జహీరాబాద్.

1. ప్రవేశిక:

తెలుగులో బంగాళాదుంపకు ప్రధానంగా మూడు పేర్లున్నాయి. కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. మొదటి పేరు ఆ దుంప మనకు ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతుంది. రెండవది ఉత్తరాది 'ఆలూ'కు మన 'గడ్డ'ను చేర్చుకున్న మాట. మూడవది తమిళ 'ఉరుళైక్కిళంగు'కు దగ్గరది. దుంప గుండ్రదనాన్ని సూచిస్తుంది. మూడు పేర్లూ పంట మొత్తానికి చెందినవే. అందులోని రకాలకు మాత్రం మన రైతు నోట పుట్టిన పేర్లు దాదాపుగా వినిపించవు. వరి సంగతి అలా కాదు. అక్కుళ్ళు, మొలగొలుకులు, కృష్ణకాటుకలు అని ఎన్నో పేర్లు. మామిడిలోనూ బంగినపల్లి, చెరకు రసం, సువర్ణరేఖ అంటూ చెప్పుకుంటూ పోవచ్చు. బంగాళాదుంప దగ్గరకు వచ్చేసరికి ఈ నామసంపద ఎందుకు ఆగిపోయింది?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే, ఒక్కొక్క రకాన్నీ పేరుపెట్టి పిలిచే నేలకు వెళ్ళాలి. ఆండీస్ ప్రాంతంలో 4,000కు పైగా స్థానిక బంగాళాదుంప రకాలున్నాయని పెరూ రాజధాని లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం చెబుతున్నది. ఇవి ప్రయోగశాలలో పుట్టినవి కావు. చిన్న కమతాలలో, తరతరాల కుటుంబాల ఎంపిక వలన నిలిచినవి.

2. పంట, నేల:

పెరూ, బొలీవియా దేశాల నడుమ ఉన్న టిటికాకా సరస్సు పరిసరాలలో మానవుడు అడవి దుంపను సాగులోకి తెచ్చాడని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది జరిగి సుమారు 8,000 ఏళ్ళు గడిచాయి. కెచువా భాషలో దీని పేరు 'పాపా'. స్పెయిన్ వారు ఈ దుంపను ఐరోపాకు తీసుకొనిపోయినప్పుడు, కరీబియన్ ద్వీపాలలో చిలగడదుంపకు ఉన్న 'బతాతా' అనే పేరుతో కలగలిసి 'పతాతా' అయింది. ఇంగ్లీషు పేరుకు మూలం అదే. సముద్రం దాటిన దుంప తన అసలు పేరును అక్కడే విడిచి వెళ్ళింది.

ఆండీస్‌లో ఈ పంట ప్రధానంగా 3,000 నుంచి 4,200 మీటర్ల ఎత్తులో పండుతుంది. ఒకే కొండవాలు మీద కొన్ని వందల మీటర్లు ఎక్కితే చాలు, ఉష్ణోగ్రత, నేల, తేమ, మంచు పడే అవకాశం అన్నీ మారిపోతాయి. దిగువన మొక్కజొన్న, మధ్యన బంగాళాదుంప, ఇంకా పైన మంచును తట్టుకొనే చేదు దుంపలు, ఆపైన ల్లామా, అల్పాకా మందలు మేసే గడ్డి. ఏ రాత్రి మంచు పడుతుందో, ఏ మధ్యాహ్నం వడగండ్లు కురుస్తాయో తెలియని ఈ నేలలో రైతు ముందున్న మొదటి ప్రశ్న ఎంత ఎక్కువ పండించాలి అన్నది కాదు. ఏ ఏడూ పూర్తిగా పోకుండా ఎలా పండించాలి అన్నది. ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని చూస్తేనే తరువాతి పద్ధతులన్నీ అర్థమవుతాయి.

3. కమతం నిర్మాణం:

ఆండీస్ రైతు కుటుంబానికి భూమి ఒకేచోట ఉండదు. వేర్వేరు ఎత్తులలో, వేర్వేరు వాలులలో చిన్న చిన్న మడులుగా చెదిరి ఉంటుంది. ఒక మడి నుంచి ఇంకొక మడికి గంటల తరబడి నడవవలసి రావచ్చు. ఆర్థికశాస్త్ర దృష్టితో చూసేవారికి ఇది వృథా ప్రయాసగా తోస్తుంది. కానీ వడగండ్లు ఒక వాలు మీద కురిసి ఇంకొక వాలును వదిలేస్తాయి. మంచు లోయ అడుగున పేరుకొని, పైనున్న వాలును తాకకపోవచ్చు. చెదిరిన మడులు ఆ కుటుంబానికి బీమా వంటివి.

రెండవ అంశం బీడు. చాలా గ్రామాలలో ఎత్తైన భూమిని సముదాయమంతా కలిసి భాగాలుగా విభజించుకుంటుంది. అటువంటి భాగాన్ని అనేకచోట్ల 'లయ్మి' అంటారు. ఏటా ఒక భాగాన్ని తెరిచి, అందులో తమ తమ మడులలో అందరూ బంగాళాదుంప నాటుతారు. తరువాతి ఏడాది ఓకా, ఉల్యూకో వంటి ఇతర దుంపలు, ఆపై బార్లీ లేదా బాకలా చిక్కుడు. తరువాత కొన్నేళ్ళు ఆ భాగం బీడు. పశువులు అక్కడే మేసి, ఎరువు వేస్తాయి. ఎన్నేళ్ళు బీడుగా ఉంచాలన్నది గ్రామాన్ని బట్టి మారుతుంది.

ఈ బీడు నేలసారం కోసమే కాదు. బంగాళాదుంప వేళ్ళను ఆశించే నులిపురుగులు మట్టిలో గట్టి తిత్తుల రూపంలో ఏళ్ళ తరబడి జీవించగలవు. ఆశ్రయమిచ్చే పంట లేకుండా ఎక్కువ ఏళ్ళు గడిస్తే వాటి సంఖ్య తగ్గిపోతుంది. సూక్ష్మదర్శిని లేని రైతుకు ఆ జీవి కనిపించదు. అయినా నేలకు విశ్రాంతి ఇవ్వకపోతే దుంప చిన్నదవుతుందని అతనికి తెలుసు. ఇక్కడ సముదాయం పాత్ర గమనించదగినది. ఏ భాగం తెరవాలన్నది అందరి నిర్ణయం. తెరిచిన భాగంలో ఏ రకం నాటాలన్నది కుటుంబ నిర్ణయం. ఈ రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయి.

4. కాలనిర్ణయం - కృత్తికలు:

నాటే సమయం సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలలు. వాన ముందుగా వస్తుందా, ఆలస్యమవుతుందా అన్నది అప్పటికి నాలుగు నెలల ముందే, జూన్ చివరి వారంలో, ఆండీస్ రైతులు అంచనా కడతారు. తెల్లవారకముందే కొండెక్కి, ఈశాన్య దిక్కున ఉదయించే కృత్తికలను చూస్తారు. నక్షత్రాలు పెద్దవిగా, ప్రకాశవంతంగా కనిపిస్తే వానలు సకాలంలో వస్తాయని నమ్మకం. మసకగా కనిపిస్తే నాటడం కొన్ని వారాలు వాయిదా వేస్తారు.

దీనిని మూఢనమ్మకంగా కొట్టివేయడానికి వీలులేదని 2000 సంవత్సరంలో 'నేచర్' పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం నిరూపించింది. మానవశాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఆర్లవ్, వాతావరణ శాస్త్రజ్ఞులు జాన్ చియాంగ్, మార్క్ కేన్ కలిసి చేసిన పరిశోధన అది. ఎల్‌నినో ఏర్పడే సంవత్సరాలలో జూన్ నెలలో ఆకాశంలో చాలా ఎత్తున, కంటికి ఆనని పలుచని మేఘపొర పెరుగుతుందనీ, నక్షత్రాలు మసకబారడానికి అదే కారణమనీ వారు తేల్చారు. అటువంటి సంవత్సరాలలోనే ఆ ప్రాంతంలో వాన తగ్గి, బంగాళాదుంప దిగుబడి కూడా తగ్గుతుంది. రైతు చూపిన కారణం వేరైనా, చేసిన పని సరైనదే.

తెలుగు పాఠకులకు ఇక్కడ కార్తెలు గుర్తుకు రావడం సహజం. అయితే రెండింటికీ తేడా ఉంది. మన కృత్తిక కార్తె సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే కాలం. మే నెలలో వస్తుంది. సూర్యకాంతిలో కలిసిపోవడం వలన కృత్తికలు ఆ రోజులలో కంటికి కనిపించవు. ఆండీస్ రైతు చూసేది, ఆ మరుగు తొలగి అవి మళ్ళీ వేకువన కనిపించే సమయాన్ని. కార్తె ఏటా దాదాపు అదే తేదీకి వచ్చే కాలగణన. ఆండీస్ పద్ధతి ఆ ఏటి ఆకాశాన్ని ఆ ఏడు చూసి చేసే పరిశీలన. ఒకే నక్షత్రమండలం రెండు సేద్య సంస్కృతులలో రెండు విధాలుగా పనికివచ్చింది.

5. నేలను తెరవడం, నాటడం:

నిటారైన వాలుల మీద ఎద్దుల నాగలి నడవదు. అక్కడ నేటికీ 'చాకితాక్ల్యా' అనే కాలినాగలి వాడతారు. పొడవైన కర్రకు అడుగున ఇనుప కర్రు, పాదం మోపడానికి ఒక అడ్డుముక్క, చేతితో పట్టుకోవడానికి ఒక పిడి ఉంటాయి. పురుషులు పక్కపక్కన నిలబడి, ఒకేసారి పాదంతో కర్రును నేలలోకి దింపి గడ్డిపెళ్ళను పెకలిస్తారు. ఎదురుగా ఉన్న స్త్రీ లేదా పిల్లవాడు ఆ పెళ్ళను చేతులతో తిప్పివేస్తాడు. అలా ఏర్పడే బోదెలను 'వాచు' అంటారు. బోదెల నడుమ నీరు నిలవకుండా జారిపోతుంది. నేలను అవసరమైన మేరకే కదిలించడం వలన మట్టి కోత కూడా తక్కువ.

ఈ శ్రమకు కూలి డబ్బు కాదు, తిరిగి చేసే శ్రమ. 'అయ్ని' అనే ఈ బదులు పని పద్ధతిలో ఈ రోజు నా మడిలో నీవు, రేపు నీ మడిలో నేను. యజమాని ఇల్లు తిండి, తాగుడు సమకూరుస్తుంది. పని మొదలుపెట్టేముందు భూమాత 'పచమామ'కు కోకా ఆకులు సమర్పిస్తారు.

ఈ పని విభజనకు పాత సాక్ష్యం కూడా ఉంది. 1615 ప్రాంతంలో గువామాన్ పోమా ద అయాలా అనే ఆండీస్ రచయిత స్పెయిన్ రాజును ఉద్దేశించి సుదీర్ఘమైన చిత్రసహిత గ్రంథం రాశాడు. అది 1908లో కోపెన్‌హాగన్ రాజ గ్రంథాలయంలో బయటపడింది. అందులోని సేద్య పంచాంగంలో డిసెంబరు నెలకు దుంప నాటే చిత్రం, జూన్ నెలకు దుంప తవ్వే చిత్రం ఉన్నాయి. పురుషుడి చేతిలో అదే కాలినాగలి. విత్తనం వేసే చేయి స్త్రీది.

6. విత్తన ఎంపిక, పేర్లు:

తవ్వకం ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాగుతుంది. అసలైన నిర్ణయాలు అప్పుడే జరుగుతాయి. తవ్విన దుంపలను రాశిపోసి, ఎక్కువగా ఇంటి స్త్రీలే వాటిని వేరుచేస్తారు. తినడానికి ఒక భాగం, విత్తనానికి ఒక భాగం, ఎండబెట్టడానికి ఒక భాగం, అమ్మకానికి, బంధువులకు, మార్పిడికి ఇంకొక భాగం. విత్తన దుంపలను చీకటి గదిలో, 'మున్యా' అనే పుదీనా జాతి సువాసన మొక్క కొమ్మలతో కలిపి దాస్తారు. దాని వాసనకు పురుగు దూరంగా ఉంటుంది. మన ఇళ్ళలో ధాన్యపు గాదెలో వేపాకు వేయడం వంటిదే ఇది.

ఇక్కడ వృక్షశాస్త్ర సంబంధమైన ఒక విషయం చెప్పుకోవాలి. బంగాళాదుంపను మనం దుంప నుంచే మొలిపిస్తాం. అందుచేత ప్రతి మొక్కా తల్లిమొక్కకు జన్యుపరంగా నకలు. పూసి, కాయకాసి, ఆ కాయలోని గింజ మొలిచినప్పుడే కొత్త రూపం పుడుతుంది. ఆండీస్ పొలంలో అనేక రకాలు పక్కపక్కన పూస్తాయి కనుక, అటువంటి గింజ మొక్కలు అప్పుడప్పుడు వాటంతటవే పుడతాయి. వాటిలో నచ్చినదానికి పేరు పెట్టి నిలుపుకునేది రైతు కుటుంబమే. ఆ పేరు లేకపోతే వచ్చే ఏడు ఆ దుంపను వేరుగా గుర్తించడం, దాచడం, అడిగి తెచ్చుకోవడం కుదరదు.

పేర్ల తీరు చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. 'పూమా మాకి' అంటే పూమా పులి పంజా. దుంప ఆకారం అలా ఉంటుంది. 'యన' నలుపు, 'పుక' ఎరుపు అన్న రంగుల మాటలు ఎన్నో పేర్లలో చేరతాయి. 'ఖచున్ వకచి' అంటే కోడలిని ఏడిపించేది. లోతైన కన్నులతో, గుబ్బలు గుబ్బలుగా ఉండే ఈ దుంప తొక్క తీయడం ఎంతో కష్టం. ఇంటికి రాబోయే కోడలి నేర్పును దీనితో పరీక్షిస్తారని చెప్పుకుంటారు. అత్తాకోడళ్ళ ముచ్చట తెలుగు జానపదానికి కొత్త కాదు కనుక ఈ పేరు మనకు వెంటనే అర్థమవుతుంది. ఆకారం, వంట స్వభావం, ఇంటిలోని హాస్యం అన్నీ ఒక్క పేరులో ఇమిడాయి.

అమెరికా మానవశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ బ్రష్, ఆయన సహచరులు 1981లో ప్రచురించిన పరిశోధనలో ఆండీస్ రైతుల వర్గీకరణ అంచెలంచెలుగా, క్రమబద్ధంగా ఉందని చూపారు. మంచును తట్టుకునే చేదు దుంపలు, ఉడికించి తినే పిండి దుంపలు అన్న తరగతులలో ఒక్కొక్క రకం ఒక్కొక్క పేరుతో నిలుస్తుంది. అనేక రకాలు కలిపి నాటిన మడిని 'చక్రు' అంటారు. అంటే మిశ్రమం. తెగులుకు ఒకటి లొంగితే, ఇంకొకటి నిలుస్తుంది. మంచుకు ఒకటి పోతే, మరొకటి మిగులుతుంది. ఈ నేలలో మిశ్రమం అనేది నిర్లక్ష్యం కాదు, లెక్క.

7. నిల్వ - చూన్యో:

పచ్చి దుంపలో సుమారు ఐదింట నాలుగు వంతులు నీరే. కొన్ని నెలలకే మొలకెత్తి పాడవుతుంది. ఈ సమస్యకు ఆండీస్ ప్రజలు తమ శత్రువైన మంచునే ఉపాయంగా మార్చుకున్నారు. జూన్, జూలై నెలల గడ్డకట్టే రాత్రులలో దుంపలను బయలు మీద పరుస్తారు. రాత్రి గడ్డకట్టిన దుంప పగటి ఎండకు మెత్తబడుతుంది. కొన్ని రాత్రులు ఇలా గడిచాక, కుప్పపోసి పాదాలతో తొక్కి నీరు పిండుతారు. ఆపై ఎండబెడతారు. ఇదే నల్లని 'చూన్యో'. తెల్లనిది కావాలంటే గడ్డకట్టిన దుంపలను పారే నీటిలో వారాల తరబడి నానబెట్టి ఎండబెడతారు. దానిని ప్రాంతాన్ని బట్టి 'మొరాయా' అనీ, 'తుంత' అనీ పిలుస్తారు.

చేదు దుంపలలో విషగుణం గల ఆల్కలాయిడ్లు ఎక్కువ. ఉడికించినంత మాత్రాన అవి పోవు. ఈ ప్రక్రియ వాటిని చాలావరకు తొలగిస్తుంది. అంటే ఏ పంటా బతకని ఎత్తులో, నేరుగా తినలేని దుంపను నాటి, దానిని ఏళ్ళ తరబడి నిల్వ ఉండే ఆహారంగా మార్చే సమగ్ర వ్యవస్థ ఇది. ఇంకా ప్రభుత్వ గిడ్డంగులలోనూ, ఆ తరువాత స్పెయిన్ పాలనలో పోతోసి వెండి గనుల కార్మికుల తిండిలోనూ చూన్యోకు ముఖ్యస్థానం ఉండేది.

8. ఐర్లండు అనుభవం:

ఇదే దుంప తన నేల, పేర్లు, వైవిధ్యం విడిచి మరొక చోట బతికినప్పుడు ఏం జరిగిందో ఐర్లండు చరిత్ర చెబుతుంది. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో అక్కడి పేద కౌలుదారులు చిన్న మడులలో ఎక్కువ దిగుబడి ఇచ్చే 'లంపర్' అనే ఒక్క రకం మీదనే ఎక్కువగా ఆధారపడ్డారు. 1845లో ఆకుమాడు తెగులు సోకింది. నాటినవన్నీ ఒకదానికొకటి నకళ్ళు కావడంతో ఒక మొక్క లొంగినచోట మొక్కలన్నీ లొంగాయి. తరువాతి కొన్నేళ్ళలో సుమారు పది లక్షల మంది మరణించారు. ఇంచుమించు అంతే మంది దేశం విడిచి వెళ్ళారు.

ఈ విషాదానికి ఒక్క విత్తనాన్నే బాధ్యురాలిని చేయడం సరికాదు. ప్రజలు ఆకలితో ఉన్న ఆ రోజులలోనూ ధాన్యం, పశువులు ఐర్లండు నుంచి ఎగుమతి అయ్యాయి. కౌలు వ్యవస్థ, పాలకుల విధానం ఆ తెగులును కరవుగా మార్చాయి. అయినా ఒక పాఠం మిగిలింది. కుటుంబ కమతం చిన్నదైనంత మాత్రాన సురక్షితం కాదు. ఐర్లండులోనూ కుటుంబాలే సాగుచేశాయి, చేతిపనిముట్లతోనే చేశాయి. వారికి లేనిది ఎంచుకోవడానికి భూమి, వైవిధ్యం, వెసులుబాటు.

9. నేటి స్థితి:

ఆండీస్ సేద్యం కూడా మారకుండా లేదు. జనాభా, మార్కెట్ ఒత్తిడి వలన బీడు కాలం చాలాచోట్ల తగ్గింది. యుంగాయ్, కాంచాన్ వంటి మెరుగుపరచిన రకాలను అమ్మకానికి, స్థానిక రకాలను ఇంటి తిండికి, కానుకలకు అని రైతులు రెండింటినీ నడుపుతున్నారు. యువకులు పట్టణాలకు వెళ్ళడంతో 'అయ్ని'కి చేతులు తగ్గాయి. వాతావరణం వేడెక్కడంతో తెగుళ్ళు పైకి పాకుతున్నాయి. రైతులు నాటే మడులను మరింత ఎత్తుకు జరుపుతున్నారు. కానీ కొండకు శిఖరం ఉంటుంది. దానిపైన జరగడానికి చోటు లేదు.

దీనికి ఎదురుగా ఒక ప్రయత్నం పెరూలోని కుస్కో ప్రాంతంలో జరిగింది. పిసాక్ సమీపంలో కెచువా సముదాయాలు కలిసి 'బంగాళాదుంప ఉద్యానం' ఏర్పరచుకున్నాయి. 2004లో అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఒకప్పుడు పొలాల నుంచి సేకరించిన నాలుగు వందలకు పైగా రకాలు, తెగులు తొలగించిన రూపంలో, తిరిగి రైతుల మడులకు చేరాయి. సాధారణంగా విత్తనం పల్లె నుంచి నిధికి వెళ్ళడమే మనకు తెలుసు. ఇక్కడ అది వెనుదిరిగి వచ్చింది. విత్తన నిధి దుంపను కాపాడగలదు. ఆ దుంపను ఏ మడిలో, ఏ ఎత్తులో, దేనితో కలిపి నాటాలన్న జ్ఞానం మాత్రం పొలంలోనే బతుకుతుంది.

10. తెలుగు నేల - ఒక పోలిక:

తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో యాసంగిలో బంగాళాదుంప పండుతుంది. విత్తన దుంప మాత్రం ప్రధానంగా ఉత్తరాది రాష్ట్రాల నుంచి కొని తెచ్చుకోవలసిందే. మన వేసవి వేడికి దుంపను ఇంటిలో విత్తనంగా నిలపడం కష్టం. వైరస్ తెగుళ్ళ బెడద కూడా ఉంది. అందుచేత రకం ఎంపిక, పేరు, రెండూ బయటి నుంచే వస్తాయి. 1949లో పట్నాలో మొదలై, తరువాత సిమ్లాకు మారిన కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలకు 'కుఫ్రీ' అనే ఇంటిపేరు ఉంటుంది. ఆ సంస్థ కృషి వలననే ఈ పంట మైదానాలలో విస్తరించింది. దానిని తక్కువ చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు.

అదే జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలను ఇంటిలో దాచి, ఒకే చేనులో అనేక పంటలు కలిపి వేస్తున్నారు. 'పాత పంటల జాతర'లో ఆ విత్తనాలను ఊరూరా ఊరేగిస్తారు. అక్కడి స్త్రీ విత్తనాన్ని పేరుతో పిలుస్తుంది, గుణాన్ని చెబుతుంది, పొరుగువారికి ఇచ్చి పుచ్చుకుంటుంది. ఆండీస్ స్త్రీకి బంగాళాదుంపతో ఉన్న సంబంధం జహీరాబాద్ స్త్రీకి కొర్రతో ఉంది. ప్రవేశికలో వేసిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. ఇంటిలో విత్తనంగా నిలిచిన పంటకే భాషలో రకాల పేర్లు పుడతాయి. కొని తెచ్చుకున్న విత్తనం పేరును కూడా వెంట తెచ్చుకుంటుంది.

11. ముగింపు:

1. ఆండీస్ కుటుంబ కమతంలోని చెదిరిన మడులు, బీడు, మిశ్రమ నాటు, చూన్యో - ఇవి వేర్వేరు ఆచారాలు కావు. అనిశ్చితిని ఎదుర్కోవడానికి కుదిరిన ఒకే వ్యవస్థలోని భాగాలు.

2. సంప్రదాయ సేద్యానికి గుర్తు పనిముట్టు ప్రాచీనత కాదు, విత్తనంపై కుటుంబానికి, సముదాయానికి ఉన్న నిర్ణయాధికారం. ఐర్లండు అనుభవం ఈ తేడాను స్పష్టం చేస్తుంది.

3. రకాల పేర్లు అలంకారాలు కావు. ఎంపికకు, నిల్వకు, మార్పిడికి అవి సాధనాలు. ఒక పేరు మరుగున పడితే, దానితోపాటు ఒక దుంపను గుర్తుపట్టే కన్ను కూడా మరుగున పడుతుంది.

4. తెలుగు నేలపై వరి, చిరుధాన్యాలు, పప్పుధాన్యాల రకాల పేర్లను, వాటి గుణాలతో సహా, వాటిని దాచిన స్త్రీల మాటలలోనే నమోదు చేయవలసిన అవసరం ఉంది. ఇది వ్యవసాయ శాస్త్రానికి ఎంత సంబంధించినదో, భాషా పరిశోధనకూ అంతే సంబంధించినది. నిఘంటువుకు ఎక్కని ఆ మాటలు తెలిసిన తరం ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.